గ్రహణం నాటి నొప్పులు

మొన్న మా కోడలు కంప్యూటర్లో ఒక బొమ్మ చూపించింది. నల్లటి చక్రం, చుట్టూ పూరేకుల్లా చెదిరిన తెల్లటి వెలుగు. సూర్యుడి చుట్టూ ఉండే ఆ వెలుగు పేరు కరోనా అట, సంపూర్ణ గ్రహణంలో తప్ప మన కంటికి కనిపించదట. వెనకటి రోజుల్లో తీసి దాచిన సూర్యుడి ఫోటోలు చూపించి కంప్యూటరుకు నేర్పి, ఆనాడు ఆ వెలుగు ఎలా ఉండి ఉంటుందో గీయించడం ఆమె ఉద్యోగం.

"గ్రహణాలప్పుడు తీసిన అసలు ఫోటోలతో పోల్చి చూస్తాం అత్తయ్యా. కొన్నిచోట్ల మెషిన్ తప్పే గీస్తోంది" అంది.

ఇది ఏనాటిదని అడిగాను. ఆమె చెప్పిన తేదీ నేను మరిచిపోయేది కాదు.

ఆ గ్రహణం నాడు నేను ఫలక్‌నుమాలో అద్దె గదిలో, నెలలు నిండి, కదలకుండా పడుకుని ఉన్నాను. మావారి సర్కారు ఉద్యోగం కోసం గుంటూరు వైపు నుంచి కొత్తగా వచ్చినవాళ్ళం. గోకితే బిడ్డకు మచ్చ, ఒత్తిగిలితే అవిటితనం అంటూ మా అత్తగారు కిటికీ సందుల్లో పాతచీరలు కుక్కారు. సరిగ్గా అప్పుడే నొప్పులు మొదలయ్యాయి. ఆటో కోసం వెళ్ళిన మావారు ఎంతకీ రాలేదు. బయట పట్టపగలే సందె వాలినట్టయి, పిట్టల అరుపులు ఆగిపోయాయి. బిడ్డ వంకరగా పుడతాడేమోనన్న భయంలో నొప్పి కూడా సరిగా తెలియలేదు.

నా మూలుగు విని, వీధంతా ఖాలా అని, అంటే పిన్ని అని, పిలిచే ఎదురింటావిడ తలుపు బాదింది. ఆ వీధిలో పురుళ్ళు పోసేది ఆవిడే.

"గ్రహణం విడవనీ తల్లీ, తర్వాత తీస్తాను" అన్నారు అత్తగారు.

"గప్పటిదాక బిడ్డ ఆగుతదా అమ్మా? దర్వాజ తియ్యి, పాపం నాకే తగలనియ్యి."

అత్తగారు గడియ మీద చెయ్యేసి కిటికీ వైపోసారి, నా వైపోసారి చూశారు. చివరికి తీశారు. ఖాలాతో పాటు లోపలికొచ్చిన ఆ వింత మసక వెలుతురు కడుపు మీద పడకుండా కొంగు కప్పుకున్నాను.

పుట్టినవాడు వెంటనే ఏడవలేదు. ఖాలా వాణ్ణి తలకిందులుగా పట్టుకుని వీపు చరిచింది. ఏడుపు వినిపించాక, పెదవి చీలిందేమోనని ముందు వేలితో తడిమాను. ఆ తర్వాత కూడా చాలా నెలలు, నిద్రలో ఉన్నవాడి ఒళ్ళంతా దీపం పెట్టి వెతికేదాన్ని. ఏ లోపమూ లేదు. మా కోడలి భర్త వాడే.

ఇప్పుడు గ్రహణమంటే పిల్లలు నల్లద్దాలు పెట్టుకుని మేడెక్కుతున్నారు. నా భయం వాళ్ళకు రాలేదు, అదే సంతోషం. ఖాలా పోయి చాలా ఏళ్ళయింది, మేమూ అపార్ట్‌మెంటుకు మారాం. పగలంతా ఇంట్లో ఒక్కదాన్నే ఉంటాను. ఎదురు ఫ్లాటులో ఎవరుంటారో, నేను పిలిస్తే వాళ్ళకు వినిపిస్తుందో లేదో తెలియదు.