బాల్కనీ తలుపు తెరిపించిన మేడం

నిన్న సాయంత్రం నాచారం మెయిన్ రోడ్డులో ఒక కిరాణా దుకాణం ముందు ఆగాను. అప్పుడే వాన వెలిసింది. బయట పేర్చిన ఖాళీ అట్టపెట్టెలు తడిసి ఉన్నాయి. నానిన అట్ట వాసన, అందులో కొంచెం ఇంగువ ఘాటు కలిసి ముక్కుకు తగిలింది. కూరగాయల సంచి పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఆ వాసన వస్తే చాలు, కొంగు నడుముకు చుట్టి మా ఇంట్లో నేల మీద కూర్చున్న సులోచన మేడం కళ్ళ ముందుకు వస్తారు.

ఆవిడ నాచారంలోని ఒక మందుల కంపెనీలో మా నాణ్యతా విభాగానికి అధికారి. లాలాపేట్‌లో పుట్టి పెరిగారు. తండ్రి త్వరగా పోతే చెల్లెలిని, తమ్ముడిని తానే చదివించారు. పెళ్ళి మాట ఎవరైనా ఎత్తితే నవ్వి ఊరుకునేవారు. పరీక్షకు వచ్చిన మందుల్లో అందరూ తప్పించుకు తిరిగే చిక్కు రకం ఏదైనా ఉంటే, పొద్దున్నే అది ఆవిడ బల్ల మీదకు చేరేది. మధ్యాహ్నానికల్లా దాని సంగతి తేల్చి, తీరిగ్గా డబ్బా విప్పి అన్నం తినేవారు. కొత్తల్లో అది ఆవిడ గొప్ప చూపించుకోవడం అనుకున్నాను. కాదు, ఆవిడ బతికే తీరే అది.

మేం తెనాలి నుంచి వచ్చినవాళ్ళం. మా ఆయన గూడ్సు బండి నడుపుతారు. ఎప్పుడు వెళ్తారో, ఎప్పుడు వస్తారో ఆయనకే తెలియదు. ఇద్దరు పిల్లల్ని తయారుచేసి, బస్సెక్కించి, నేను ఆఫీసుకు పరుగెత్తేదాన్ని. ఆ ఏడాది నాకు తరచూ తలనొప్పి వచ్చేది. చిన్నదాని చెప్పు పట్టీ తెగితే, అదేదో ఇల్లు కూలినట్టు దాని మీద విరుచుకుపడేదాన్ని. ఒక శనివారం మేడం గదిలోకి వెళ్ళి, ఉద్యోగం మానేస్తానని చెప్పాను. చేతిలో పని పక్కన పెట్టి ఆవిడ నన్ను కూర్చోమన్నారు.

"పని కష్టమైతున్నదా?"

"పని కాదండీ. ఇంటికెళ్తే ఎటు చూసినా మిగిలిపోయిన పనులే. తల తిరిగిపోతోంది."

"ఉద్యోగం ఇడ్సిపెడితే అవి వాటంతట అవే అయితయా?" ఆవిడ గోడ మీది క్యాలెండర్ చూశారు. "రేపు ఐతారం. పొద్దుగాల మీ ఇంటికొస్త. సూసినంక మాట్లాడుకుందాం" అన్నారు.

నిజంగానే వచ్చారు. పిల్లలు ఇంకా పాలు తాగుతున్నారు. వంటింట్లో కుళాయికి గుడ్డ కట్టి ఉంది. ట్యూబులైటు కొట్టుకుంటోంది. ఆవిడ అన్నీ చూశారు. కాఫీ తాగుతూ, "వీటిల్ల దేన్ని సూస్తే నీకు పానం ఎక్కువ చికాకైతది?" అని అడిగారు. నేను ఆలోచించకుండానే బాల్కనీ తలుపు వైపు చూపించాను. ఇల్లు మారినప్పటి అట్టపెట్టెలు ఆ తలుపుకు అడ్డంగా, విప్పకుండా అలాగే ఉన్నాయి. రోజూ వాటి పక్కనుంచి ఒదిగి నడిచేవాళ్ళం. తలుపు సందులోంచి వాననీళ్ళు వచ్చి కింది పెట్టెలు చెమ్మగిల్లాయి.

"ఎందుకు ఇప్పలే?"

"మా ఆయనకు మళ్ళీ తెనాలి వైపు బదిలీ వస్తుందేమోనని." ఆ మాట అప్పటిదాకా నాకు నేను కూడా చెప్పుకోలేదు. చెప్పగానే ఎందుకో కళ్ళు నిండాయి.

ఆవిడ కాఫీ గ్లాసు కింద పెట్టారు. "బదిలీ వచ్చిననాడు మళ్ల కట్టుకుందువు బిడ్డా. గప్పటిదాకా ఇంట్లకు జర గాలి రానియ్యి" అని, కొంగు నడుముకు చుట్టుకుని, కత్తెర అడిగారు.

పిల్లలకు అది పండగైంది. పాత కాగితాల్లో చుట్టిన, ఇంగువ ఘాటు పోని ఊరగాయ జాడీ బయటపడింది. అమ్మ ఇచ్చిన కంబళి, చిన్నదానికి పొట్టైపోయిన గౌన్లు వచ్చాయి. వంటకు వేళయ్యేసరికి తలుపు బార్లా తెరుచుకుంది. పిల్లలు అక్కడే చాప వేసుకుని అన్నం తిన్నారు. మేడం వెళ్ళిపోయాక నేను ఆ గాలికి పడుకుని, సాయంత్రం దాకా నిద్రపోయాను. కుళాయి ఇంకా కారుతూనే ఉంది. కానీ మర్నాడు ప్లంబర్‌కు ఫోన్ చేయడం ఎంత తేలికో నాకే ఆశ్చర్యమేసింది. ఆ వారమే ట్యూబులైటూ మారింది. ఉద్యోగం మాట నేను మళ్ళీ ఎత్తలేదు, ఆవిడ మళ్ళీ అడగలేదు.

కొన్నేళ్ళ తర్వాత సంగతి. మేడం మోకాళ్ళు అరిగిపోయాయి. ఆపరేషన్ చేయించుకోమని డాక్టరు ఎప్పుడో చెప్పారు. ఆడిట్ కానియ్యి అనేవారు, వానలు పోనియ్యి అనేవారు. ఒకరోజు ఉప్పల్ మెట్రో మెట్ల దగ్గర, కడ్డీ పట్టుకుని సగంలో ఆగిపోయారు. మా పక్కనుంచి జనం ఎక్కిపోతున్నారు. నేను ఆవిడ చేయి పట్టుకుని, "మేడం, అన్నిటికన్నా మీకు ఎక్కువ చికాకు తెప్పిస్తున్నది ఏది?" అన్నాను.

ఆవిడ నవ్వబోయి ఆగిపోయారు. "నా మాట నాకే అప్పజెప్తున్నవా" అన్నారు. తర్వాత మెల్లగా, "భయమైతున్నది రమా. మా నాయిన దవాఖానకు పోయి మళ్ల ఇంటికి రాలే" అన్నారు.

అంతటి మనిషి నా దగ్గర ఆ మాట అన్నందుకు నాకు గుండె నిండింది. "నేను పక్కనే ఉంటాను" అన్నాను. ఉన్నాను కూడా. వాళ్ళ చెల్లెలూ నేనూ వంతులు వేసుకుని చూసుకున్నాం. పదవీ విరమణ నాటికి ఆవిడ ఎవరి చేయీ పట్టుకోకుండా వేదిక మెట్లెక్కారు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది నేనే.

ఇప్పుడు ఆవిడ నారపల్లిలో చెల్లెలి ఇంటి పక్కనే ఉంటున్నారు. పొద్దున్నే రోడ్డు చివరిదాకా నడిచి వస్తానని ఫోన్లో చెబుతుంటారు. ఆవిడ కూర్చున్న కుర్చీలో ఇప్పుడు నేను కూర్చుంటున్నాను. ఏదైనా పని వాయిదా వేస్తున్నానని తెలిస్తే, నన్ను నేను తిట్టుకోను. దీనికి నేనెందుకు భయపడుతున్నాను అని అడుగుతాను. జవాబు దొరికేసరికి సగం పని అయిపోయినట్టే ఉంటుంది. కొత్తగా చేరినవాళ్ళు నన్ను, ఇంత ఓపిక ఎవరు నేర్పారని అడుగుతుంటారు. సులోచన మేడం దగ్గర పనిచేశానని చెబుతాను. ఆ పేరు చెప్పేటప్పుడు నా గొంతు కొంచెం పెద్దదవుతుంది. తగ్గించుకోవాలని ఎప్పుడూ అనిపించలేదు.