ఖాళీ చీటీల కింద సంతకం

బ్రేమర్ గ్యాప్ కొండ మీది ఆరోగ్య కేంద్రాన్ని ఐసిల్డా ఫార్కర్సన్ పదకొండేళ్లుగా ఒంటిచేత్తో నడుపుతోంది. ఇరవయ్యేళ్లు మామూలు నర్సుగా చేసి, పైచదువు చదివి, రోగిని పరీక్షించి జబ్బు తేల్చే నర్సయింది. జమైకా కొండల్లో అలాంటి నర్సే డాక్టరు. చట్టం మాత్రం ఒప్పుకోదు. జబ్బు ఆమె పట్టుకోవచ్చు, మందు ఆమె రాయవచ్చు, కింద సంతకం మాత్రం డాక్టరుదే ఉండాలి. డాక్టర్ లిండో వచ్చేది గురువారాలు. తక్కిన రోజుల్లో జనం జబ్బు పడకుండా ఆగుతారా? అందుకని ఆయన వెళ్లేముందు పది ఖాళీ మందుల చీటీల కింద సంతకాలు గీకి సొరుగులో పడేసేవాడు. ఈ సంగతి ఊరందరికీ తెలుసు, కొండ దిగువన మందుల షాపు రే గారికీ తెలుసు. ఎవరూ నోరెత్తేవారు కారు.

ఆ సోమవారం పొద్దున్నే తనిఖీకి డంక్లీ మేడమ్ దిగింది. వచ్చి సరిగ్గా ఆ సొరుగు పక్కనే కుర్చీ వేసుకుని రిజిస్టర్లు తిరగేస్తోంది. లిండో శనివారమే సెలవు మీద దీవి దాటి వెళ్లాడు, బదులు డాక్టరు గురువారం గానీ రాడు. సొరుగులో ఇంకా ఎనిమిది చీటీలున్నాయి. ఒక్కటి బయటపడితే చాలు, ఐసిల్డా లైసెన్సు పోతుంది. పింఛనుకి ఇంకా ఏడాదే ఉంది.

తొమ్మిదింటికి యూస్టస్‌ను కూతురూ అల్లుడూ మోసుకొచ్చారు. డెబ్బై దాటిన యామ్ దుంపల రైతు, చక్కెర జబ్బు మనిషి. కాలికి కత్తి తగిలితే ఆకు కట్టుకుని నాలుగు రోజులు చేలోనే తిరిగాడు. కట్టు విప్పితే పాదం ఉబ్బిపోయి ఉంది, ఎరుపు చీలమండ దాకా పాకింది. ఐసిల్డా పెన్ను తీసి ఆ ఎరుపు అంచు వెంబడే గీత గీసి, పక్కన టైము వేసింది.

"నా కాలు కూడా రిజిస్టరేనా నర్సమ్మా? ఏదో చీటీ రాసి పంపు, దుంపలు తవ్వాలి" అన్నాడు ముసలాయన.

"నోరు మూసుకుని పడుకో పెద్దాయనా. ఎరుపు ఈ గీత దాటిందా, కాలు నీకు దక్కదు."

బీరువాలో అలాంటి పుండుకి వేసే మందు పోయిన వారమే అయిపోయింది. రాత్రి వానకి కొండచరియ విరిగి ఆసుపత్రి దారి మూసుకుపోయింది, తెరిచేసరికి సాయంత్రమవుతుందట. రే షాపు మాత్రం చరియకి ఇవతలే ఉంది. డంక్లీ జిల్లా ఆఫీసుకు ఫోను చేసింది. జిల్లా డాక్టరు మీటింగులో ఉన్నారు, తర్వాత చేస్తారన్నారు. చేయలేదు.

ఐసిల్డా ముందు దొంగచాటు లేని దారే పట్టింది. మామూలు చీటీ మీద మందు రాసి, కింద తన పేరే పెట్టి, ముసలాయన కూతుర్ని పరుగున షాపుకి పంపింది. పావుగంటకి రే ఫోను చేశాడు.

"పదకొండేళ్లుగా నీ చేతిరాత చూసే మందులిస్తున్నాను నర్సమ్మా. నీ సంతకానికి మాత్రం ఇవ్వలేను. షాపు మూయించేస్తారు."

పదకొండింటికి ఎరుపు గీత దాటి రెండు వేళ్ల మేర పైకి పాకింది. ముసలాయనకి వణుకు మొదలైంది, వేళాకోళాలు ఆగిపోయాయి. సొరుగులోని సంతకం చీటీ మీద పోయిన గురువారం తేదీ వేస్తే సరి అనిపించింది ఐసిల్డాకి. కానీ ఆ రోజు రిజిస్టరులో యూస్టస్ పేరు లేదు, ఆ రిజిస్టరు డంక్లీ చేతిలోనే ఉంది. చివరికి వెళ్లి, ఆమె కళ్లెదుటే సొరుగు లాగింది.

"ఇది లిండో గారి సంతకం మేడమ్. ఆయన ఇవాళ దేశంలోనే లేరు. నేను ఇవాళ్టి తేదీయే వేస్తున్నాను. రాసుకోండి."

డంక్లీ పెన్ను మూత తీసింది. ఆమె కూడా ఒకప్పుడు నర్సే.

"నేను టీకి బయటికెళ్లేదాకా ఆగలేకపోయావా ఐసిల్డా? చూశాక రాయక తప్పదు."

"ఆ కాలు ఆగదండీ."

ఇద్దరూ ఒకే బల్ల మీద రాశారు, ఒకరు మందు, ఒకరు నేరం. మందు మధ్యాహ్నానికి వచ్చింది. నాలుగింటికి ఎరుపు ఉన్నచోటే ఆగింది. సాయంత్రం దారి తెరుచుకోగానే యూస్టస్‌ను ఆసుపత్రికి పంపారు. డంక్లీ మిగిలిన ఏడు చీటీలూ కవరులో పెట్టి అంటించి, వెళ్తూ వెళ్తూ ఐసిల్డా చెయ్యి గట్టిగా నొక్కింది. లిండోకి ఒక మందలింపు ఉత్తరం వచ్చింది. విచారణ తేలేదాకా పనిలోకి రావద్దని ఐసిల్డాకి వచ్చింది. ఆ చట్టాన్ని తలుచుకుంటే ఊరివాళ్లకి ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఐదు వారాల తర్వాత యూస్టస్ భుజాన ఇంత యామ్ దుంప వేసుకుని ఆమె ఇంటికి నడిచే వచ్చాడు. ఐసిల్డా మనిషి ముఖం చూడకముందే పాదం చూసింది. అతన్ని మెట్టు మీద కూర్చోబెట్టి, వేళ్లన్నీ ఒక్కొక్కటే నొక్కి చూసింది. గాయం మానింది. ఆమెకి కళ్లు చెమర్చాయి.

అప్పుడతను జేబులోంచి చక్కెర జబ్బు బిళ్లల సీసా తీశాడు. అందులో ఏమీ లేదు.

"అయిపోయి పది రోజులైంది నర్సమ్మా. రెండు గురువారాలు వెళ్లాను, నా వంతు వచ్చేసరికి డాక్టరు వెళ్లిపోయాడు. నువ్వు రాసివ్వు."

ఐసిల్డా సీసా చేతిలోకి తీసుకుంది. ఏ మందో, ఎంతో ఆమెకి చూడకుండానే తెలుసు. మూత బిగించి అతని చేతిలో పెట్టింది.

"గురువారం తెల్లారకముందే వెళ్లి కూర్చో పెద్దాయనా" అంది.