గోడకు మూడు చప్పుళ్లు

ఆ శనివారం పొద్దటి నుంచీ ముసురు. మధ్యాహ్నం కాస్త తెరిపి ఇవ్వడంతో పత్తికి యూరియా వేయడానికి చేనుకు వెళ్లాను. నాలుగు సాళ్లు పూర్తి కాకముందే ఫోన్ వచ్చింది. మా పక్కింటి అక్క మంచిర్యాలలో డయాలసిస్ చేయించుకుంటూ చనిపోయిందని చెప్పారు. రెండు గంటలకట. అప్పటికి రెండున్నర అయింది. నాకు ఏడుపు రాలేదు. రెండింటికి గోడకు జవాబివ్వలేదే అన్నదే ముందు తోచింది. బస్తా గట్టు మీదే వదిలేసి ఇంటిదారి పట్టాను.

ఆ జవాబు సంగతి చెప్పాలి.

మందమర్రిలో మావి పాత కాలనీ ఇళ్లు. రెండిళ్లకూ మధ్య ఒకటే గోడ. అక్క నాకు తోడబుట్టింది కాదు. ఇరవై ఏళ్లు ఆ గోడకు అవతల ఉంది, అంతే. వాళ్లాయనను బావా అని పిలిచేదాన్ని. బావ ముప్పై ఏళ్లు బొగ్గుబాయిలో పనిచేశాడు. ఒకసారి కప్పు కూలి, ఒక షిఫ్టంతా బొగ్గుకు అవతల చిక్కుకున్నాడు. ఆయన రెండుసార్లు కొట్టేవాడు, ఉన్నారా అని. ఇవతల వాళ్లు మూడుసార్లు కొట్టేవారు, ఉన్నాం అని. దారి తెరిచాక నాలుగు కొట్టారు. పైకి పోతున్నాం, నువ్వూ రా అని దానర్థం. వాళ్ల జట్టు పెట్టుకున్న గుర్తులవి. నాలుగు వినబడేదాకా ఉన్నచోటు నుంచి కదలకూడదు.

రిటైరయ్యాక షుగర్ ఆయన కళ్లను తినేసింది. చూపు పోయిందని మాత్రం ఒప్పుకోడు. కర్ర పట్టడు. చెయ్యి అందిస్తే విదిలిస్తాడు. కేకేసి పిలవడు. మధ్యాహ్నం రెండింటికి, తిండి వేళకు, మంచం పక్కన ఆ ఉమ్మడి గోడకే వేలి కణుపులతో రెండుసార్లు కొడతాడు. వంటింట్లోంచి అక్క ఇత్తడి గంటెతో మూడుసార్లు కొట్టాలి. అప్పుడే కంచం ముట్టేది. పొద్దున ఇన్సులిన్ సూది పడ్డ మనిషి మధ్యాహ్నం తినకపోతే ప్రాణం మీదికొస్తుందని ఆయనకూ తెలుసు. అయినా అంతే.

గడప కూడా దాటేవాడు కాదు. "బయట కప్పు మంచిగ లేదు," అనేవాడు.

"అది ఆకాశమయ్యా," అనేది అక్క.

"గందుకే. గంత పెద్ద కప్పుకు ఒక్క గుంజ గూడ లేదు."

అక్క మూత్రపిండాలు పాడై ఆరేళ్లయింది. వారానికి మూడు రోజులు బస్సెక్కి పోయి రక్తం శుద్ధి చేయించుకుని రావాలి. రోజు మొత్తానికి ఒక చెంబు నీళ్లే. నాలుక పిడచగడితే నిమ్మతొక్క చప్పరించేది. "నా రక్తం గూడ బయటికి పోయి తిరిగొస్తది, గీయన గడప దాటడు," అని నవ్వేది. డయాలసిస్ కోసం ఆపరేషన్ చేసిన ఎడమ చేతి నరం సూదులు గుచ్చీ గుచ్చీ ఉబ్బి ఉండేది. ఒకసారి నా అరచేతిని దాని మీద పెట్టుకుంది. లోపల తుమ్మెద తిరుగుతున్నట్టు గుయ్యిమంది. చప్పున చెయ్యి లాక్కున్నాను.

"ఫికర్ చెయ్యకే. గీ తుమ్మెద ఆగిన్నాడు నేనూ ఆగుత," అంది.

ఆమె ఊరికి పోయిన రోజుల్లో, రెండింటికి ఇవతలి నుంచి నేను జవాబివ్వాలని అనుకున్నాం. మొదటి రోజు చేతికందిన పచ్చడిబండతో కొట్టాను. అవతలి నుంచి అరుపు.

"ఎవరది? గది మా ఇంటి సప్పుడు గాదు!"

ఆ రోజు తినలేదు. సాయంత్రానికి చెమటలు పట్టి పడిపోయాడు. తర్వాతి వారం అక్క డయాలసిస్‌కు పోవడమే మానేసింది. కాళ్లు పొంగాయి. పడుకుంటే ఊపిరాడక గోడకు ఆనుకుని కూర్చుంది.

"ఆయన మొండితనానికి నువ్వు సస్తవా అక్కా?" అన్నాను.

"ఆయన చీకట్ల ఉన్నడే. జవాబు రాకుంటె మనిషి ఏమైతడో నీకేం ఎరుక."

మర్నాడు గంటె తెచ్చి నా చేతిలో పెట్టింది. కొట్టే తీరు నేర్పింది. ఒకటి, కాస్త ఆగి వెంటవెంటనే రెండు. అప్పటినుంచి డయాలసిస్ రోజుల్లో గంటె మా కిటికీలో ఉండేది. బావ తినేవాడు. నాలుగు కొట్టే తీరు మాత్రం నేర్పలేదు. అడిగితే, "అది నువ్వు కొట్టద్దు. కొట్టేది ఉంటె నేనే కొడ్త," అంది.

సాయంత్రం బస్సు దిగి వచ్చి, మా కిటికీలోంచి గంటె తీసుకుని, చెప్పులైనా విప్పకుండా వంటింట్లోకి పోయి ముందు మూడు కొట్టేది. ఒకసారి నేను జ్వరంతో లేవలేక ఆ గోడకే రెండుసార్లు కొట్టాను. మూడు వచ్చాయి. వాటి వెనకే జావ వచ్చింది. నిలబడలేక ద్వారబంధం పట్టుకునే గిన్నె అందించింది.

ఆ శనివారం తడి కాళ్లతోనే వాళ్లింట్లోకి వెళ్లాను. బావ మంచం మీద కూర్చుని ఉన్నాడు. కంచం ఖాళీగా ఉంది.

"తిన్నవా బావా?"

"తిన్న. మీ అక్క జర లేటుగ కొట్టింది, గంతే."

"అక్క మంచిర్యాల పోయింది గద."

"వచ్చింది, కొట్టింది. నువ్వు కొడితె నాకు తెల్వదా? నువ్వు మూడోది మెల్లగ కొడ్తవు."

వంటింట్లోకి చూశాను. ఎవరూ లేరు. నేల మీద తడి అడుగులూ లేవు. గంటె మా ఇంట్లో ఉంది. విషయం చెప్పాను. ఆయన మీసం తుడుచుకుని, గోడకు రెండుసార్లు కొట్టాడు. నాకేమీ వినబడలేదు. ఆయన మాత్రం తల ఊపాడు.

ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక సమాధి చేశాం. బావ గడప దాటలేదు. పెట్టెను గడప దగ్గర దించితే, చెయ్యి చాచి తడుముకుని చెక్క మీద రెండుసార్లు కొట్టాడు. పాస్టర్ గారు ప్రార్థన ఆపారు. ఎందుకో అందరం కాసేపు కదలకుండా నిలబడ్డాం. వాన చప్పుడు తప్ప ఏమీ లేదు.

తర్వాత మూడు రోజులు సూదీ, అన్నమూ, జవాబూ నేనే చూశాను. మూడోది కూడా గట్టిగా కొట్టేదాన్ని. "ఒక్కసారి చెప్తె సాలదా, రెండుసార్లెందుకు?" అని అవతలి నుంచి విసుక్కునేవాడు. నేను జవాబిచ్చింది ఒక్కసారే.

వాళ్లకు పిల్లలు లేరు. గురువారం పెద్దపల్లి నుంచి ఆయన తమ్ముడు కారు తెచ్చాడు.

"నడువన్నా. ఈడ నిన్నెవరు సూస్తరు?"

"మీ వదిన చెప్పాలె," అన్నాడు బావ. గంటసేపు అదే మాట. తమ్ముడు తల పట్టుకున్నాడు.

ఏం చేస్తే లేస్తాడో నాకు తెలుసు. ఇంటికి వచ్చి గంటె తీశాను. గోడ దాకా పోయాను. అక్క వద్దన్న మాట అడ్డొచ్చింది. గంటెను మళ్లీ కిటికీలో పెట్టేశాను. తిరిగి వాళ్ల వాకిట్లోకి వచ్చేసరికి బావ గడప బయట నిలబడి ఉన్నాడు. ఎవరూ చెయ్యి పట్టుకోలేదు. మొహం పైకెత్తి ఉన్నాడు. దాని మీద సన్నగా వాన పడుతోంది.

"నాలుగు కొట్టింది. పోదాం పా," అన్నాడు.

తమ్ముడు నన్ను మెచ్చుకోలుగా చూశాడు. "మంచిగ కొట్టినవ్ చెల్లె. నేను గూడ విన్న."

నేను మా కిటికీ వైపు తిరిగి చూశాను.

గంటె మా కిటికీలోనే ఉంది. అక్క శనివారం మధ్యాహ్నం రెండు గంటలకు చనిపోయింది. బావ గురువారం పొద్దున పదకొండున్నరకు ఇల్లు విడిచాడు.