నూలు కాటా మీద అరవై ఒక్క కిలోలు

మా నాన్నకు దిల్‌సుఖ్‌నగర్‌లో నూలు దుకాణం ఉండేది. పోచంపల్లి చుట్టుపక్కల ఊళ్ల నేతగాళ్లు బస్సు దిగి, సంచి చంకలో పెట్టుకుని నూలు కొనడానికి నేరుగా మా దగ్గరికే వచ్చేవాళ్లు. దుకాణం మధ్యలో పెద్ద కాటా. నేల మీద ఇనుప పీట, పక్కన ఎర్ర అంకెలు వెలిగే డబ్బా. నేను డిగ్రీ తప్పి దుకాణంలో కూర్చున్న మొదటి వారంలోనే నాన్న దాని సంగతి చెప్పాడు. పది కిలోలు పెడితే రెండు వందల గ్రాములు ఎక్కువ చూపిస్తుంది. "దందా అంటే గంతే. నోరు మూస్కొని కూసో" అన్నాడు. కూర్చున్నాను. అప్పట్లో సిగ్గు కూడా పడలేదు, అబద్ధమెందుకు చెప్పాలి.

నా దోస్తు ఒకడుండేవాడు, నేతగాడి కొడుకు. వాళ్ల నాయిన ఏళ్లుగా మా దగ్గరే నూలు కొనేవాడు. వీడు మాత్రం మగ్గం వదిలేసి ఎల్బీనగర్‌లో కిరాయి గదిలో ఉంటూ, ఒక రేకుల షెడ్డు జిమ్ములో మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ నేర్చుకునేవాడు. గుద్దడం, తన్నడం, కింద పడేసి మెడ బిగించడం, అన్నీ కలిపిన ఆట. నేనూ ఆర్నెల్లు పోయాను. ముక్కు పగిలాక బుద్ధొచ్చి, వాడి బ్యాగు మోసే పనిలో కుదురుకున్నాను.

వాడికి ఒకటే పిచ్చి, రెండు బెల్టులు. రాష్ట్ర పోటీల్లో శనివారం అరవై ఒక్క కిలోల విభాగం, ఆదివారం అరవై ఆరు కిలోల విభాగం. రెండింట్లోనూ గెలిచినవాణ్ణి ముంబైకి ప్రొఫెషనల్ పోటీలకు తీసుకుపోతామని నిర్వాహకులు చెప్పారు. ఒక్కటే గెలిస్తే చప్పట్లు, ఫొటో, ఇంటికి. వాడి మామూలు బరువేమో అరవై ఏడు. "పై బరువుది ఎట్లన్న కొడ్తరా. కిందికి దిగుడే కష్టం" అనేవాడు.

అవి సకల జనుల సమ్మె రోజులు. బస్సుల్లేవు, బడుల్లేవు, రెండు రోజులకోసారి బంద్. జిమ్ములో ఉన్న ముల్లు కాటా పూటకో మాట చెప్పేది. అందుకని వాడు రెండు రెయిన్‌కోట్లు తొడుక్కుని, ఖాళీగా పడున్న హైవే మీద ఎల్బీనగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా ఉరికి, సగం దించిన మా షట్టర్ కింద నుంచి లోపలికి దూరి కాటా ఎక్కేవాడు. బంద్ కాబట్టి నాన్న ఉండేవాడు కాదు. "గ్రాములతో సహా చూపిస్తదిరా మీ కాటా, మస్తుంది" అని మురిసిపోయేవాడు.

మొదటిసారి ఎక్కినప్పుడు అంకె నేనే చదివి చెప్పాను. ఒక్క మాట చెబితే సరిపోయేది. కానీ ఆ మాట వెంటనే వాడు అడగబోయే మాట కూడా నాకు తెలుసు, "మరి మా నాయినకు తూచిన నూలు?" ఎక్కువ తగ్గితే పోయేదేముంది, బెల్టుకు మంచిదే కదా అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. థూ నా బతుకు!

శుక్రవారం పొద్దున కాటా అరవై ఒకటిన్నర చూపించింది. లెక్కల్లో తప్పినవాణ్ణే గానీ ఆ లెక్క మాత్రం రెప్పపాటులో వేశాను. వాడు అప్పటికే అరవై ఒకటి లోపలికి వచ్చేశాడు. వాడేమో పీట మీద కూలబడి, "ఇంక అరకిలోరా. నీళ్లు బంద్ జేస్తా" అన్నాడు. పెదవులు పగిలి తెల్లగా ఉన్నాయి.

ఇద్దరం ఎల్బీనగర్ దాకా నడిచాం. చౌరస్తాలో వంటావార్పు జరుగుతోంది. రోడ్డుకు అడ్డంగా రాళ్ల పొయ్యిలు పెట్టి, జనమంతా అక్కడే వండుకుని అక్కడే తింటూ నిరసన చేస్తున్నారు. డప్పులు మోగుతున్నాయి. జై తెలంగాణ కేకల మధ్య పప్పు తాలింపు వాసన. గరిటె పట్టుకున్న ఒక పెద్దమ్మ వాణ్ణి చూసి ఆగిపోయింది.

"ఏంది బిడ్డా, గిట్ల పీక్కపోయినవ్? జొరమా? దా, ఇంత తిను."

"వద్దు పెద్దమ్మా, పొట్లాట ఉంది నాకు."

"ఎవలతోని పొట్లాట? తినకుంట ఎట్ల కొట్లాడ్తవ్ రా పిచ్చోడా? తెలంగాణ ఒచ్చేదాంక మేమే తినుకుంట కొట్లాడుతున్నం!"

అందరూ నవ్వారు. వాడూ నవ్వాడు. ఆమె విస్తరి నా చేతిలో పెట్టింది. అన్నం, పప్పు, పచ్చిపులుసు. నేను తిన్నాను, రెండోసారి కూడా వడ్డించుకున్నాను. వాడు నా పక్కనే నా చెప్పుల దగ్గర కూర్చుని, నేను పులుసు జుర్రుతుంటే కళ్లార్పకుండా చూశాడు. "వాసన జర గట్టిగ పీల్చుకుంటే బరువు పెరుగుతదారా?" అని అడిగాడు. రెండు ముద్దలు, ఒక గ్లాసు నీళ్లు. అంత చోటు వాడి బరువులో ఉందని ఆ రోడ్డు మీద నా ఒక్కడికే తెలుసు. ఇప్పటికీ పచ్చిపులుసు నా గొంతు దిగదు.

శనివారం పొద్దున అసలు తూకం. అంకె యాభై తొమ్మిది పాయింట్ ఏడు దగ్గర ఆగింది. గుంటూరు నుంచి వచ్చి ఎల్బీనగర్‌లో స్థిరపడిన మా కోచ్ తల పట్టుకున్నాడు.

"ఒరేయ్, ఎవడు చెప్పాడ్రా నిన్ను ఇంత తగ్గమని? కిలోకి పైగా ఒంట్లో నీళ్లన్నీ వట్టి పుణ్యానికి పోగొట్టుకున్నావు కదరా!"

వాడు మెల్లగా నా వైపు తిరిగాడు. నేను వంగి బ్యాగు జిప్పు సర్దుకుంటున్నాను. ఆ జిప్పుకు ఏ రోగమూ లేదు.

ఆ రోజు వాడు గెలిచాడు. మూడో రౌండులో కాళ్లు తేలిపోతుంటే అవతలివాణ్ణి కావలించుకుని నిలబడి మరీ గెలిచాడు. బెల్టు నడుముకు కట్టించుకుని లోపలికి వచ్చాక పిక్కలు పట్టేసి, వెల్లకిలా పడి అరిచాడు. దవాఖానలో సెలైన్ ఎక్కించారు. రేపు రింగులోకి దిగనిచ్చేది లేదని డాక్టర్ చెప్పేశాడు. ఆదివారం అరవై ఆరు కిలోల బెల్టు వేరే ఎవడో కట్టుకున్నాడు. ముంబై మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

సమ్మె అయిపోయి బస్సులు తిరిగాక, ఒక మధ్యాహ్నం వాడు వాళ్ల నాయినను వెంటబెట్టుకుని దుకాణానికి వచ్చాడు. భుజాన జిమ్ము ఇనుప బిళ్ల. దాని మీద ఇరవై కిలోలని పోతపోసి ఉంది. దాన్ని కాటా మీద పెట్టాడు. ఇరవై పాయింట్ నాలుగు.

"వోల్టేజీ సక్కగ లేదు పొద్దటి సంది" అన్నాడు మా నాన్న.

వాడు ఆయన వైపు చూడనే లేదు. నన్నే చూస్తూ అన్నాడు. "నాకు చెప్పకపోతివి, సరే. ఇయ్యాల మా నాయినకు చెప్పు."

నేను ఇనుప బిళ్ల మీది అంకెనే చూస్తూ నిలబడ్డాను. వాళ్ల నాయిన సంచి మడత విప్పుతూ విప్పుతూ ఆగిపోయాడు. కొడుకు భుజం మీద చెయ్యి వేశాడు.

"నాకు ఎర్కే బిడ్డా. ఎన్నేండ్ల సందో ఎర్కే. ఏ దుకాణంల జూసినా గంతేనని ఊకున్న. నువ్వు గీ కాటా మీద నిలవడుతున్నవని ఎర్కైతే ఆనాడే చెప్తుంటి గద. నాదే తప్పాయె."

ఆయన కళ్లు తుడుచుకున్నాడు. తప్పు మీది కాదు, నాది అని అనాల్సినవాణ్ణి నేనక్కడే, చెయ్యి చాస్తే అందేంత దూరంలో నిలబడి ఉన్నాను. అప్పుడు కూడా అనలేదు.