సరే తప్ప మరోమాట అనని గుణశేఖర్

ఎవరేమడిగినా కాదనలేని మనిషి, ఒక్క అక్షరం తప్పినా ఒప్పుకోని కంప్యూటరుతో ఎట్లా పొత్తు కుదుర్చుకున్నాడు? గుణశేఖర్ మూడేళ్లు మా మేడమీది గదిలో అద్దెకున్నాడు. అయినా ఈ సంగతి నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.

బంగారుపాళ్యంలో మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి అతడొక ప్రోగ్రాం రాసిపెట్టాడు. కాటా దగ్గర నల్లటి తెర మీద బండి నెంబరు, కాయ రకం, రైతు పేరు ఒక వరుసలో కొడితే చీటీ వస్తుంది. ఆ వరుసను ముక్కలు చేసి ఏది పేరో, ఏది రకమో ప్రోగ్రామే తేల్చుకోవాలి. మొదట్లో అది చిన్నదే. కాటా గుమాస్తా తిరుమలమ్మ రకం ముందు కొడతానంది, సరేనన్నాడు. మేనేజరు సునీల్‌కుమార్ రైతు పేరు ముందుండాలన్నాడు; దానికీ సరే. రైతు వెనకే నిలబడి తెర చూస్తుంటే ఉత్త పేరు కొట్టడానికి తిరుమలమ్మకు చేయి రాలేదు. గారు, అన్న, మామ అన్నీ తగిలించింది. ఆ మర్యాదలను ఏరి పక్కన పెట్టడం కూడా ప్రోగ్రాంకు నేర్పాడు. మగపెళ్లివారి ముందు ఆడపెళ్లివారు కూడా అంతగా తలూపరు.

ఇంతలో బెంగళూరులో ఉద్యోగం వచ్చింది. జూన్ ఒకటికి చేరాలి. అంతకుముందు రెండు ఉద్యోగాలు ఇట్లాగే వచ్చి జారిపోయాయి. మానేస్తానని చెప్పడానికి వెళ్లినప్పుడల్లా మేనేజరు ఇంకో కమాండు అడిగేవాడు, ఇతను ఒప్పుకుని వచ్చేవాడు. ఆ ప్రోగ్రాంను బాగుచేయడం మరెవరికీ చేతకాదు మరి.

మే నెలాఖరున తిరుమలమ్మ గుణశేఖర్ కోసం మా ఇంటికే వచ్చింది.

"ఏమప్పా, దొరస్వామి మేస్త్రీ కాయ ఇంకో దొరస్వామి చీటీలో ఎక్కినాది. ఇద్దరూ కాటా కాడ చొక్కాలు పట్టుకున్నారు."

"'మేస్త్రీ' అనేదాన్ని కూడా ప్రోగ్రాం మర్యాద కింద తీసేసినట్టుండాదక్కా. ఇంకొకటి చేరుస్తాలే."

"చేర్చద్దు! చేర్చి చేర్చి నువ్వు తప్ప ఎవురూ తాకలేకుండా చేసినావు. ఇట్లయితే నువ్వు బెంగళూరు పోయినట్టే! ముందు నెంబరు, తర్వాత రకం, ఆఖర్న పేరు. పేరు ఎట్లా కొడితే అట్లే ఎక్కనీ. వరుస తప్పితే కుదరదను."

"మొహాన ఎట్లా చెప్పేదక్కా?"

"నువ్వు చెప్పే పన్లేదు నాయనా, మిషను చెప్తుంది."

రెండు రోజుల్లో తొమ్మిదివందల వరుసల ప్రోగ్రాం అరవైకి దిగింది. కొట్టివేయడం కష్టం కాలేదు. తప్పు కొట్టినవారికి తెర మీద కనిపించే మాట దగ్గరే ఆగిపోయాడు. 'దయచేసి ఏమీ అనుకోవద్దు, మీరు కొట్టింది బాగానే ఉంది గానీ' అని మొదలుపెట్టి నాకు చదివి వినిపించాడు. అది చదివేలోపు కాయ కుళ్లిపోతుందన్నాను. తిరుమలమ్మ 'వరుస తప్పింది, మళ్లీ కొట్టండి' అని తేల్చేసింది.

మర్నాడు కాటా దగ్గర జరిగింది ఆమే చెప్పింది. మేనేజరు పేరు ముందు కొట్టాడు. తెర ఒప్పుకోలేదు. మళ్లీ కొట్టాడు. మళ్లీ అదే మాట.

"ఏమబ్బా, నేను చెప్పినా ఇనదా?"

"ఇనదు సార్," అన్నాడట గుణశేఖర్.

చివరికి మేనేజరు నెంబరు ముందు కొట్టాడు. చీటీ వచ్చింది. "బాగుండాది. రేపు రా, చిన్న పనొకటుండాది," అన్నాడు. ఈసారి గుణశేఖర్ సరేననలేదు, కాదననూ లేదు.

ఆ సాయంత్రం నేను ముందు వరండాలో పుస్తకం పట్టుకుని ఉన్నాను. ఇంకో నాలుగు రోజులుండమని అడుగుతానని గుణశేఖర్ భయపడ్డాడేమో. అడిగేవాణ్నే. మెట్ల మీద చెప్పులు చేతిలో పట్టుకుని దిగాడు, సంచి భుజానేసుకుని, నేను చూడలేదనుకుని పెరటి గేటు మెల్లగా తీశాడు. హైవే మీద బెంగళూరు బస్సు ఆగితే ఎక్కి వెళ్లిపోయాడు.