సమీరా ఇంటర్న్‌షిప్, నా అనుమానం

బీటెక్ కంప్యూటర్స్ మూడో ఏడు చదువుతున్న మా అమ్మాయి సమీరాకి బెంగళూరు నుంచి ఒక ప్రొఫెసర్ మేడమ్ గారు మెయిల్ పెట్టారు. వేసవిలో తమ ల్యాబ్‌కి వచ్చి పరిశోధనలో పాల్గొనవచ్చట, కాకపోతే ముందు వీడియో కాల్‌లో మాట్లాడాలట. విజయవాడ దాటి ఒంటరిగా ఎక్కడికీ వెళ్ళని పిల్లని, ముఖమైనా చూడని మనిషి ఎందుకు పిలుస్తుంది? నాకు అనుమానం వచ్చింది. ఈ సాయంత్రం కాల్ వచ్చినప్పుడు కెమెరాకి కనపడకుండా పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

సమీరా తయారుచేసిన ప్రోగ్రాం, మా అమ్మ తెలుగూ ఉర్దూ కలిపి మాట్లాడే మాటలు విని వాటిని అక్షరాల్లో పెడుతుంది. మేడమ్ గారు అంతా చూసి, "ఏమీ అనుకోకమ్మా, ఇది నువ్వే చేశావా, ఏఐతో చేయించావా?" అని అడిగారు.

నాకు ఒళ్ళు మండింది. "అదేంటండీ అలా అంటారు? రోజూ వాళ్ళ నానమ్మని కూర్చోబెట్టి మాట్లాడిస్తానే ఉందండీ మా పిల్ల!" అనేశాను.

ఆవిడ ఉలిక్కిపడి, "మీరెవరండీ?" అన్నారు.

"సమీరా వాళ్ళ నాన్ననండీ. మీరు నిజంగా ప్రొఫెసరో కాదో చూద్దామని కూర్చున్నా."

సమీరా తల పట్టుకుంది. ఆవిడ మాత్రం నవ్వలేదు. "సరే, ఇప్పుడు నేను చూస్తుండగా ఇందులో చిన్న మార్పు చెయ్యమ్మా" అన్నారు. అక్కడికక్కడే చేసి చూపించింది మా అమ్మాయి. "బాగుంది, వచ్చెయ్" అన్నారావిడ.

ఆవిడకి మా పిల్ల మీద నమ్మకం కుదిరింది. నాకే ఆవిడ మీద ఇంకా కుదరలేదు. అందుకే బెంగళూరుకి రెండు టికెట్లు తీశాను. అది తెలిసినప్పటి నుంచి సమీరా నాతో మాట్లాడటం లేదు. ఆడపిల్లల తండ్రులూ, మీరైతే ఒక్క టికెట్టే తీసేవారా?