మామ బాగుచేసిన కొండదావ

మాది బళ్లారి జిల్లా సండూరు. మా ఊరి వెనక కొండ మీదికి పోయే కాలిదావను, బస్సు డ్రైవరుగా రిటైరైన మా మామగారే బాగుచేసేవారు. ముళ్లకంపలు కొట్టి, వాననీళ్లకు కోసుకుపోయిన చోట రాళ్లు పేర్చేవారు. పైనున్న పచ్చికను బైకులు తొక్కి చీల్చేస్తున్నాయని ఆయన బాధ.

పోయిన వానాకాలం ఒక ఆదివారం, ఇద్దరం దావలో చెత్త ఏరుతున్నాం. మంచు దట్టంగా కమ్మేసింది. ఉన్నట్టుండి పైనుంచి బైకు మోత వినిపించింది.

"నిల్లిసప్పా, ఆపు! ఇది నడిచే దావ, ఈడ మనుషులుండారు!" అని మామ అరిచారు.

బండి ఆగలేదు. వంగి ఉన్న నేను లేచేలోపే ఆయన నన్ను పక్కకు తోసేశారు. బండి ఆయన్ను గుద్దింది. వాలులో దొర్లిపోయి బండకు కొట్టుకున్నారు. బైకు నడిపినతనూ నేనూ కలిసి కిందికి మోసుకొచ్చాం.

తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేశాక, ఇక కొండ ఎక్కొద్దన్నారు డాక్టర్లు.

ఆ తర్వాతే ఊరివాళ్లంతా కలిసి, దావ మొదట్లో బైకులు దూరకుండా బండలు పాతారు. పైన గడ్డి మళ్లీ మోకాలెత్తు లేచింది. మొన్న ఫోన్లో వీడియో తీసి మామకు చూపించాను. ఆయన చాలాసేపు చూశారు.

"బాగుండాదమ్మా. ఆ బండలేవో ముందే పాతింటే నేనూ వస్తాంటిని" అన్నారు.

ఇప్పుడు ఆదివారాలు నేనొక్కదాన్నే కొడవలి తీసుకుని పోతాను. పైన ఎంత బాగున్నా, అక్కడ ఎక్కువసేపు నిలబడలేను.